చూసినవాళ్ల కథ

నిండు సభలోకి ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినప్పుడు భీష్మ ద్రోణులు అక్కడే ఉన్నారు. ధర్మం సూక్ష్మమని భీష్ముడు తప్పుకున్నాడు. విదురుడు కాక అన్యాయమని గొంతెత్తినవాడు కౌరవ సోదరుల్లోని వికర్ణుడు. కుర్రతనమంటూ కర్ణుడు అతణ్ణి కసిరాడు. 11వ శతాబ్దిలో నన్నయ తెనిగించిన ఈ ఘట్టంతోనే చూసినవాళ్ల బాధ్యత మన సాహిత్యంలో ప్రశ్నగా నిలిచింది. ఆ ప్రశ్న ఎదిగే వయసు పిల్లల పుస్తకాల్లోకి రావడానికి మాత్రం వందల ఏళ్లు పట్టింది.

1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గురజాడ, ఆడపిల్లల్ని ముసలివాళ్లకు అమ్ముతుంటే సర్దుకుపోయే సమాజాన్ని రంగస్థలం ఎక్కించారు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం నగరాన్ని కుదిపేసింది. ఆ ఏడాదే స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం ఏర్పడింది. 1993లో వచ్చిన ఓల్గా ‘రాజకీయ కథలు’ స్త్రీ శరీరం మీద సాగే పెత్తనాన్ని సూటిగా చర్చించాయి. అయితే ఈ రచనలన్నీ పెద్దల కోసం వచ్చినవి.

పిల్లల వైపు పెద్ద అడుగు 2008లో పడింది. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో తెచ్చిన బాలల కథల్లో గోగు శ్యామల కథ ఒకటి. తాటకి అని పిలిపించుకునే దళిత బాలిక బాలమ్మ పొలానికి నీళ్లు పెట్టబోతే దొర మీద పడతాడు. ఆమె తిరగబడి తప్పించుకుంటుంది. శ్యామల మరో కథలో, కూతుర్ని జోగిని కానివ్వకుండా చదువుకు పంపిన తండ్రిని ఊరే శిక్షిస్తుంది. అక్కడ ఊరు ప్రేక్షకురాలు కాదు, నేరంలో భాగస్వామి.

ఎదిగే పిల్లల కోసం అమెరికాలో వచ్చిన లారీ హాల్స్ ఆండర్సన్ నవల ‘స్పీక్’ (1999), అత్యాచారం తర్వాత మాట పడిపోయినట్లయిన మెలిండా అనే అమ్మాయిని, ఆమెను వెలివేసిన తోటి విద్యార్థులను చూపింది. ఆరన్ హార్ట్‌జ్లర్ ‘వాట్ వుయ్ సా’ (2015) కథనాన్ని బాధితురాలికి కాక, అత్యాచారం జరిగిన పార్టీకి వెళ్లిన మరో అమ్మాయికి అప్పగించింది. ఈ మలుపు తెలుగులో ఇంకా బలపడాలి.

మహారాష్ట్రలోని షోలాపూర్ అశోక్ చౌక్ లాంటి తెలుగు పేటల్లో అలాంటి కథల అవసరం మరీ ఎక్కువ. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల బతుకు మరమగ్గాల మీద, ఆడవాళ్లు చుట్టే బీడీల మీద నడిచింది. చాలామంది పిల్లలకు బడి మరాఠీలో, ఇల్లు తెలుగులో. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఎవరికి ఏం జరిగినా పక్కింటికి తెలుస్తుంది. పరువు పేరుతో అది అక్కడే ఆగిపోతే నేరస్థుడికే రక్షణ. పిల్లలపై లైంగిక నేరం తెలిసీ చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం ప్రకారం శిక్షార్హం. చెప్పలేకపోయిన పిల్లలకు మాత్రం ఆ శిక్ష వర్తించదు. ఆ బరువు పెద్దలదేనని చట్టమే తేల్చింది.

చట్టం భయం చెబుతుంది. ధైర్యం నేర్పేది కథ. చూసిన పిల్ల ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి, విన్న పెద్దలు ఏం చేయాలి అన్నది ఆ పిల్ల నోటితోనే వినిపించే నవలలు తెలుగులో రావాలి. వికర్ణుణ్ణి కసిరికొట్టని సభను తయారుచేయడం రచయితల పని, బడుల పని, మన ఇళ్ల పని.