ఫ్యూమ్ హుడ్

రసాయన ప్రయోగశాలలో విషవాయువులు, ఆవిర్లు, ఆమ్లపు పొగలు పనిచేసేవారి ముక్కు దాకా రాకముందే బయటికి లాగేసే అద్దపు తలుపు అరను ఫ్యూమ్ హుడ్ లేదా ఫ్యూమ్ కబోర్డ్ అంటారు. పైకీ కిందికీ జరిగే తలుపు పేరు సాష్. దాని కింది సందులోంచి గది గాలి లోపలికి పోయి, వెనక పలక చీలికల గుండా గొట్టంలోకి చేరి, ఫ్యాన్ లాగుతుంటే కప్పు మీద బయటపడుతుంది. మనిషిని కాపాడేది ముఖ్యంగా ఈ గాలి ప్రవాహమే. అద్దం దానికి తోడు.

దీని మూలం పొగగూడు. వేడెక్కిన గాలి పైకి లేస్తూ పొగను వెంట తీసుకుపోతుంది కనుక రసవాదులు కొలిమి పొగగొట్టం కిందే ప్రయోగాలు చేసేవారు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయపు రొటండా భవనాన్ని మరమ్మతు చేస్తున్నప్పుడు, 1820ల నాటి రసాయన పొయ్యి ఒకటి గోడ వెనక మూసి ఉన్నట్టు 2015లో వెల్లడైంది. జర్మనీలోని గీసెన్‌లో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1839లో విస్తరించిన ప్రయోగశాలలో అద్దాల అరలను పొగగొట్టానికి కలిపారు. అక్కడ విద్యార్థులు గుంపుగా ఒకే గదిలో పనిచేసేవారు. ఒకరి గిన్నెలోంచి వచ్చిన పొగ అందరూ పీల్చాల్సి వచ్చేసరికి ఇలాంటి అర తప్పనిసరైంది.

ఇలాంటి పొగల్లో ఒకటి మనకూ తెలిసిందే. ఇంటర్మీడియట్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసినవారికి కుళ్లిన గుడ్ల వాసన గుర్తుండే ఉంటుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. మోతాదు పెరిగితే అది ముక్కును మొద్దుబారుస్తుంది. కాబట్టి వాసన ఆగితే ప్రమాదం తప్పినట్టు కాదు.

కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల పాత ప్రయోగశాలలో గాలి ఆడక పొగలు కమ్ముకునేవని ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ తన ఆత్మకథలో రాశారు. ఆయన ప్రిన్సిపాల్ టానీని ఆ గదికి పిలిచి చూపించారు. ఒకటి రెండు నిమిషాలకే బయటపడిన టానీ పై అధికారులకు గట్టిగా ఉత్తరం రాశారు. కొత్త ప్రయోగశాల 1894లో సిద్ధమైంది. పారిస్‌లో మేరీ క్యూరీకి ఆ పాటి సాయం కూడా దొరకలేదు. రేడియం తీసిన చెక్క షెడ్డులో విషవాయువులు పోయే దారే లేక, ఆమె చాలా పని ఆరుబయట పెరట్లోనే చేసుకున్నారు.

విద్యుత్ ఫ్యాన్ రాకతో గాలి లాగడానికి నిప్పు అవసరం తీరింది. అయినా హుడ్ నిజంగా పనిచేస్తోందో లేదో కొలిచి చూడడం చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ చరిత్రలో అసలు మలుపు అదే అనాలి. అమెరికాలో ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం 1985లో వెలువరించిన ఆష్రే 110 పరీక్షలో, హుడ్ లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వదిలి, ఎదుట నిలబెట్టిన బొమ్మ మనిషి ముక్కు దగ్గర ఎంత చేరిందో చూస్తారు.

తలుపు సందు దగ్గర గాలివేగం సాధారణంగా సెకనుకు 0.5 మీటరు ఉంచుతారు. ఎక్కువైతే మంచిదనుకోవడం పొరపాటు, సుడులు లేచి పొగ వెనక్కి తిరుగుతుంది. మామూలు నడక వేగమే ఈ గాలివేగానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అందుకే పని జరుగుతున్నప్పుడు హుడ్ ముందు నుంచి విసురుగా నడవకూడదు. పాత్రలు తలుపు నుంచి కనీసం 15 సెంటీమీటర్లు లోపలికి ఉండాలి. తల లోపల పెట్టకూడదు, తలుపు వీలైనంత కిందికి దించాలి. చాలాచోట్ల హుడ్‌ను సీసాల అల్మరాగా వాడేస్తున్నారు. వెనక చీలికలకు సీసాలు అడ్డం పడితే గాలి దారి మూసుకుపోతుంది. పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని మామూలు హుడ్‌లో వేడిచేయకూడదు. గొట్టంలో పేరుకున్న లవణాలు పేలగలవు, దానికి నీటితో కడిగే ప్రత్యేక హుడ్ ఉండాలి. లామినార్ ఫ్లో బల్లను ఫ్యూమ్ హుడ్ అనుకోకూడదు, అందులో గాలి మన ముఖం మీదికే వస్తుంది.

హుడ్ ఒక్కటే చాలదు. 1996 ఆగస్టులో డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కేరెన్ వెటర్‌హాన్ హుడ్‌లోనే పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు చేతి తొడుగు మీద పడ్డాయి. అది లేటెక్స్ తొడుగును దాటి చర్మంలోకి ఇంకింది. మరుసటి జూన్‌లో ఆమె మరణించారు.

హుడ్ గాలివేగాన్ని ఏటా కొలిచి, తేదీ వేసిన చీటీ తలుపు పక్కన అతికిస్తారు. తేదీకి ఏడాది దాటినా, చీటీయే లేకపోయినా ఆ హుడ్‌లో పని మొదలుపెట్టకండి.