రిఫ్రెషర్ కోర్సు: మాస్టార్లు మళ్ళీ బెంచీ ఎక్కిన కథ

మా నాన్న డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేవారు. 1990లలో ఒక ఏడాది ఆయన పెట్టె సర్దుకుని, యూనివర్సిటీ ఉన్న ఊరికి మూడు వారాలు వెళ్ళారు. "నాన్న ఎక్కడికెళ్ళారు?" అని ఎవరైనా అడిగితే "రిఫ్రెషర్‌కి" అని చెప్పేవాళ్ళం, అదేదో ఊరి పేరన్నట్టు. తిరిగొచ్చేటప్పుడు రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి సర్టిఫికెట్, రెండోది రెండు వందల పేజీల నోట్‌బుక్. సర్టిఫికెట్ బీరువాలో, సర్వీసు కాగితాల మధ్యకి వెళ్ళిపోయింది. నోట్‌బుక్ మాత్రం రిటైరయ్యేదాకా ఆయన టేబుల్ మీదే ఉంది.

ఈ రెండిట్లో దేనికోసం ప్రభుత్వం ఆయన్ని పంపినట్టు? యూనివర్సిటీ, కాలేజీ అధ్యాపకుల శిక్షణ చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అసలు కాలేజీ మాస్టారికి శిక్షణ అవసరమన్న ఆలోచనే మన దగ్గర ఆలస్యంగా వచ్చింది. బడిపంతుళ్ళ సంగతి అలా కాదు. వాళ్ళకోసం మద్రాసులో 1856లోనే నార్మల్ స్కూలు పెట్టారు. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ 1894లో వచ్చింది. ఐదో తరగతికి లెక్కలు చెప్పాలంటే ట్రైనింగ్ కావాలి. ఎమ్మే క్లాసుకి పాఠం చెప్పాలంటే ఎమ్మే పాసైతే చాలు! విషయం తెలిస్తే చెప్పడం దానంతటదే వస్తుందని నమ్మకం. ఆ నమ్మకం మూలంగా ఎన్ని తరాల విద్యార్థులు పసుపుపచ్చబడిన నోట్సుని డిక్టేషన్ రాసుకున్నారో మనలో చాలామందికి సొంత అనుభవమే.

దీనికో చిన్న మినహాయింపు ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, 1910 ప్రాంతంలో, సైదాపేటకి ట్రైనింగ్‌కి వెళ్ళారు. అదే రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరై, స్వాతంత్ర్యం వచ్చాక 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కి అధ్యక్షులయ్యారు. ఆ కమిషన్ రిఫ్రెషర్ కోర్సులు పెట్టమని సిఫారసు చేసింది. అయితే ఎవరికి? హైస్కూలు, ఇంటర్మీడియెట్ కాలేజీల అధ్యాపకులకి. నిర్వహించవలసింది విశ్వవిద్యాలయాలు. అంటే పైమెట్టు మీద ఉన్నవాళ్ళు కింది మెట్టు వాళ్ళకి నేర్పాలన్నమాట. పైమెట్టు వాళ్ళూ మళ్ళీ నేర్చుకోవాలన్న మాట గట్టిగా వినబడటానికి ఇంకో పదిహేనేళ్ళు పైనే పట్టింది.

ఆ మాట అన్నది కొఠారీ కమిషన్, 1966లో. దౌలత్ సింగ్ కొఠారీ భౌతిక శాస్త్రవేత్త, అప్పటికి యూజీసీ అధ్యక్షుడు కూడా. కొత్తగా చేరిన లెక్చరర్‌ని మర్నాడే క్లాసులోకి తోసెయ్యకూడదని, కాలేజీకి అలవాటు పడటానికి కొంత వ్యవధి ఇవ్వాలని, మంచి అధ్యాపకుల పాఠాలు విననివ్వాలని ఆ నివేదిక చెప్పింది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో దీనికోసం శాశ్వతంగా ఒక 'స్టాఫ్ కాలేజీ' పెట్టవచ్చని కూడా సూచించింది. సూచన కాగితం మీదే ఇరవై ఏళ్ళు కూర్చుంది.

ఈలోగా పని జరగలేదని కాదు, చెదురుమదురుగా జరిగింది. 1960లలో అమెరికా సాయంతో సైన్సు అధ్యాపకులకి వేసవి సెలవుల్లో శిక్షణ తరగతులు నడిచాయి. ఇంగ్లీషు అధ్యాపకులకి హైదరాబాదే ఒక పెద్ద మజిలీ అయింది. 1958లో ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ తోడ్పాటుతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఇక్కడ మొదలైంది. దాన్నే మనం తర్వాత సీఫెల్‌గా, ఇప్పుడు ఇఫ్లూగా ఎరుగుదుం. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వచ్చింది. దేశం నలుమూలల నుంచీ లెక్చరర్లు వచ్చి ఆ లైబ్రరీలో కూర్చునేవారు. ఈ డబ్బు వెనక ప్రచ్ఛన్నయుద్ధపు రాజకీయం లేకపోలేదు. కానీ చిన్న ఊరి కాలేజీ నుంచి వచ్చిన మాస్టారికి అన్ని పుస్తకాలు ఒక్కచోట కనబడటం మామూలు విషయం కాదు.

డెబ్భైలలో, ఐదో ప్రణాళిక కాలంలో, యూజీసీ ఫ్యాకల్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం తెచ్చింది. కాలేజీ భాషలో ఎఫ్ఐపీ. లెక్చరర్ జీతం పోగొట్టుకోకుండా వెళ్ళి ఎంఫిల్, పీహెచ్‌డీ చేసుకోవచ్చు. ఆయన స్థానంలో పాఠాలు చెప్పేవాళ్ళ ఖర్చూ యూజీసీదే. తెలుగులో వచ్చిన సిద్ధాంత గ్రంథాల ముందుమాటలు తిరగేస్తే ఈ ఎఫ్ఐపీకి కృతజ్ఞతలు ఇప్పటికీ కనబడతాయి.

అసలు మలుపు 1986. ఆ ఏడాది జాతీయ విద్యావిధానం అధ్యాపకుల శిక్షణని ఒక వ్యవస్థగా మార్చాలంది. మర్నాటి ఏడు యూజీసీ 48 అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మంజూరు చేసింది. తర్వాత అవి 66 దాకా పెరిగాయి. మన వైపు ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా, తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో వచ్చాయి. కొత్తవాళ్ళకి నాలుగు వారాల ఓరియెంటేషన్, పాతవాళ్ళకి మూడు వారాల రిఫ్రెషర్. కొఠారీ సూచన చివరికి భవనమై నిలబడింది.

సరిగ్గా అదే సమయంలో ఇంకోటి జరిగింది. మెహ్రోత్రా కమిటీ సిఫారసుల మీద కొత్త జీతాల స్కేళ్ళు వచ్చాయి. వాటి మీద 1987లో కాలేజీ అధ్యాపకులు దేశమంతటా సమ్మె చేశారు. కొత్త విధానంలో ఖాళీ ఉన్నా లేకపోయినా, నిర్ణీత సర్వీసు తర్వాత పై స్కేలు వస్తుంది. కానీ షరతు: రిఫ్రెషర్ కోర్సులు చేసి ఉండాలి.

ఈ షరతుని తేలిగ్గా తిట్టెయ్యకూడదు. అది లేకపోతే ఎంతమంది వెళ్ళేవారు? ఏ ప్రిన్సిపాలు పంపేవాడు? మా నాన్నలాంటి మొహమాటస్థుడు సెలవు అడగగలిగింది "ప్రమోషన్‌కి కావాలండీ" అనగలిగాడు కాబట్టే. కాకపోతే అదే షరతు కోర్సు స్వభావాన్ని లోపల్నుంచి మార్చేసింది. నేర్చుకోవడానికి వచ్చినవాడూ హాజరుపట్టీలో సంతకానికి వచ్చినవాడూ పక్కపక్కనే కూర్చున్నారు. సర్టిఫికెట్ ఇద్దరికీ ఒకటే. 2010 నిబంధనలతో ఈ లెక్క అంకెల్లోకి దిగింది. రెండు వారాలకి తగ్గని కోర్సుకి 20 పాయింట్లు, వారం రోజులదానికి 10. జ్ఞానాన్ని కిలోల్లో తూచినట్టుందని స్టాఫ్ రూముల్లో జోకులు పుట్టాయి. జోకులు వేసినవాళ్ళే పాయింట్లూ కూడబెట్టుకున్నారు. ఏం చేస్తారు మరి?

ఆ తర్వాత పేర్లు మారాయి. 2015లో స్టాఫ్ కాలేజీలు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023లో మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాలయ్యాయి. మధ్యలో కరోనా వచ్చి కోర్సుల్ని ఆన్‌లైన్ చేసింది. ప్రయాణాలూ ఖర్చులూ తగ్గాయి, ఇల్లు వదలలేని ఆడవాళ్ళకి ఇది నిజంగా మేలే. పోయింది మాత్రం హాస్టల్ మెస్సు. ఒరిస్సా మాస్టారూ కేరళ మేడమూ ఒకే బల్ల దగ్గర కూర్చుని "మీ ఊళ్ళో ఈ పాఠం ఎలా చెప్తారు?" అని అడిగే సాయంత్రాలు. మా నాన్న నోట్‌బుక్‌లో సగం పేజీలు క్లాసులో రాసుకున్నవి కావు, మెస్సులో విన్నవి.

ఇప్పుడు అసలు విషయం. శిక్షణ ప్రమోషన్‌తో ముడిపడిందంటే, ప్రమోషన్ అనేదే లేనివాళ్ళ మాటేమిటి? ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కాలేజీల్లో పాఠాల బరువు చాలావరకు కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల భుజాల మీదే ఉంది. కొన్నేళ్ళు బోధించిన తాత్కాలిక అధ్యాపకులు కూడా కోర్సుల్లో చేరవచ్చని స్టాఫ్ కాలేజీల నిబంధనలు ఒప్పుకున్నాయి. తలుపు తెరిచే ఉంది. కానీ గంటల లెక్కన డబ్బు తీసుకునే గెస్టు లెక్చరర్ కోర్సుకి వెళ్తే, అన్ని రోజుల రాబడీ పోయినట్టే. తిరిగొచ్చాక ఆ సర్టిఫికెట్ పెట్టుకోడానికి సర్వీసు ఫైలే లేదు. కొఠారీ కమిషన్ ఎవర్నైతే మర్నాడే క్లాసులోకి తోసెయ్యొద్దందో, సరిగ్గా వాళ్ళనే ఇప్పుడు తోసేస్తున్నాం.

బోధన మెరుగుపడాలని నిజంగా అనుకుంటే, శిక్షణని ప్రమోషన్ షరతుగా కాక, పాఠం చెప్పే ప్రతివాళ్ళకీ జీతంతో కూడిన హక్కుగా చూడాలి. డెబ్భైలలో ఎఫ్ఐపీ ఆ పని కొంత మేరకు చేసి చూపించింది కూడా. వెళ్ళిన మనిషి జీతం ఆగలేదు, వెనక క్లాసూ ఆగలేదు.

నాన్న పోయాక బీరువా సర్దుతుంటే ఆ సర్టిఫికెట్ దొరికింది. ఇస్త్రీ చేసినట్టు అలాగే ఉంది. నోట్‌బుక్ కోసం చాలా వెతికాను. తర్వాత తెలిసింది, దాన్ని ఆయన ఎప్పుడో తన దగ్గర చదివిన కుర్రాడికి ఇచ్చేశారట. ఆ కుర్రాడు ఇప్పుడు గెస్టు లెక్చరర్.