ఘాట్ రోడ్డులో కారు సత్తువ తగ్గితే: కారణం కనుగొనే క్రమం

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు వెళ్లినా, చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరినా సరిహద్దు కుటుంబాలకు కొండదారి తప్పదు. పెళ్లికైనా, ఆసుపత్రికైనా ఆ దారిలోనే ప్రయాణం. మైదానంలో ఏ లోపమూ చూపని కారు ఎత్తు రాగానే నీరసించిపోతే, ఇంజను పని అయిపోయిందని బెంగపడి వేలకు వేలు వెచ్చించేవారు ఉన్నారు. అనేక సందర్భాలలో కారణం చిన్నదే. దానిని వరుసక్రమంలో వెతకడం ముఖ్యం.

ఎత్తు కోరే శక్తి

మనుషులతో, సామానుతో కలిపి 1500 కిలోల బరువున్న కారు, వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, కేవలం ఎత్తు కోసమే సుమారు 13 కిలోవాట్లు, అనగా 17, 18 అశ్వశక్తి కావాలి. అరవై అశ్వశక్తి ఇంజనుకు ఇది లెక్కలోనిది కాదనిపిస్తుంది. కాని ఆ అరవై నిమిషానికి ఐదారు వేల చుట్ల వద్ద లభించేది. పదిహేను వందల చుట్ల వద్ద అందులో మూడోవంతు కూడా అందదు. కనుక మూడో గేరులో ఇంజను మూలుగుతుంటే ముందుగా రెండో గేరుకు దిగాలి, ఏసీ ఆపాలి. అప్పుడు సాఫీగా ఎక్కితే లోపం కారులో లేదని అర్థం.

ఎత్తుతోపాటు గాలి పలుచబడుతుంది. టర్బో లేని ఇంజను వెయ్యి మీటర్ల ఎత్తున సుమారు పదోవంతు శక్తిని కోల్పోతుంది. ఇది రోగం కాదు, ప్రకృతి ధర్మం.

మొదటి పరీక్ష: శక్తి చక్రాలకు చేరుతోందా?

యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను శబ్దం పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నది. కాలిన వాసన కూడా రావచ్చు. ఎత్తులో సగం క్లచ్ మీద కారును నిలిపే అలవాటు దీనికి ప్రధాన కారణం. ఆపినప్పుడు హ్యాండ్ బ్రేక్ వాడాలి.

శబ్దమూ పెరగకపోతే బ్రేకులు పట్టేశాయేమో చూడాలి. బ్రేకు ఎక్కువ వాడకుండా కొంతదూరం నడిపి, చక్రాన్ని తాకకుండా దగ్గరగా చేయి ఉంచి చూస్తే, మిగిలిన వాటికంటే ఒక చక్రం అధికంగా వేడెక్కి ఉంటే అక్కడే పట్టు ఉన్నట్లు.

రెండవ పరీక్ష: గాలి, ఇంధనం, నిప్పు

గాలి: ఎర్రమట్టి దారుల్లో తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. మూత తీసి చూస్తే తెలుస్తుంది. డీజిల్ కారు నల్లపొగ వదులుతూ బలహీనపడితే, ఫిల్టరుతోపాటు టర్బో గొట్టాలు ఎక్కడైనా చిట్లాయేమో చూడాలి. ఈల వంటి శబ్దం అందుకు గుర్తు.

ఇంధనం: పొగ లేకుండా, కొంతదూరం ఎక్కిన తరువాత ఇంజను ఆగి ఆగి లాగితే, ఇంధన ఫిల్టర్ గాని పంపు గాని సందేహించాలి. మైదానంలో సరిపోయిన ఇంధనం బరువు పడ్డప్పుడు చాలదు.

నిప్పు: పెట్రోల్ కారు కుదుపుతూ, చెక్ ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటే స్పార్క్ ప్లగ్ లేదా కాయిల్ లోపం. అలాగే లాగిస్తే కాలని పెట్రోలు చేరి సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. అది పూడుకుపోతే పొగ బయటకు పోలేక శక్తి క్రమంగా క్షీణిస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ సాధారణం. ఊరిలో చిన్న ప్రయాణాలకే వాడితే అది నిండిపోయి, ఇంజను తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. అప్పుడప్పుడు హైవే మీద నిలకడ వేగంతో దూరప్రయాణం చేయడం దానికి మేలు.

స్కానర్ చూపే సంకేతాలు

పి0299 టర్బో ఒత్తిడి తగ్గిందని, పి0087 ఇంధన ఒత్తిడి చాలడం లేదని, పి0300 మంట తప్పుతున్నదని సూచిస్తాయి. సంకేతం లోపమున్న దిశను చూపుతుందే గాని, ఏ భాగం మార్చాలో చెప్పదు. సంకేతం చూడగానే టర్బో మార్చాలన్న మాటకు తలూపవద్దు. ముందు గొట్టాలు పరీక్షించమనాలి.

దారిలో ఆగినప్పుడు

మలుపులో కాక, రెండువైపులా కనబడేచోట ఆపాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేరులో ఉంచి, చక్రం వెనుక రాయి పెట్టాలి. బయలుదేరేముందు ఆ రాయిని తప్పక తీయాలి. అది వెనుక వచ్చే ద్విచక్రవాహనదారుని ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజను వేడెక్కితే రేడియేటర్ మూతను చల్లబడేవరకు ముట్టరాదు.

మెకానిక్ ఒడియా మాట్లాడినా, తమిళం లేదా కన్నడం మాట్లాడినా క్లచ్, ఫిల్టర్, ప్లగ్ అన్న మాటలు మారవు. ఏ గేరులో, ఎంత వేగంలో, ఎంతసేపు ఎక్కాక బలం తగ్గింది, పొగ ఏ రంగు అన్న నాలుగు సంగతులు చీటీ మీద రాసుకుని వెళితే, సగం రోగనిర్ణయం ఇంటివద్దనే జరిగినట్లు.