రాయితీ ఎవరి కప్పు ఎక్కింది?

రామచంద్రాపురం దాటి ముంబై హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్తూ పైకప్పులను గమనిస్తే నాలుగు దశాబ్దాల ఇంధన రాయితీల చరిత్ర తెలిసిపోతుంది. పాశమైలారంలో పెద్ద పెద్ద షెడ్ల మీద సోలార్ పలకలు కనిపిస్తాయి. బీరంగూడ, అమీన్‌పూర్‌లలో సొంత డాబాల మీద అక్కడక్కడా ఉంటాయి. ఇస్నాపూర్‌లో కార్మికులు అద్దెకుండే రేకుల గదుల మీద వెతికినా దొరకవు. ఎండ అందరి మీదా ఒకేలా కాస్తుంది. తేడా తెచ్చినవి పన్ను చట్టం, కరెంటు టారిఫ్, ఇంటి పట్టా.

ఈ కథకు మూలం 1973, 1979 చమురు సంక్షోభాలు. అమెరికా 1978లోనే ఇంటి మీద సౌర పరికరాలు పెట్టుకున్నవారికి ఆదాయపు పన్నులో తగ్గింపు ఇచ్చింది. మన దేశం వేరే దారి పట్టింది. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధన విభాగం ఏర్పడింది. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్, ఆ మరుసటి ఏడాది ఈ రంగానికి అప్పులిచ్చే కేంద్ర సంస్థ ఐరెడా వచ్చాయి. అప్పటికి ఈ ప్రాంతంలో బీహెచ్ఈఎల్ స్థిరపడింది, ఇక్రిశాట్ వచ్చింది. పటాన్‌చెరు చుట్టూ పారిశ్రామికవాడలు విస్తరిస్తున్న కాలమది. ఆ రోజుల్లో ఇంటికి దక్కిన ఇంధన సాయం అంటే ప్రధానంగా గోబర్ గ్యాస్ సబ్సిడీ. కొట్టంలో పశువులు, పెరట్లో జాగా ఉన్న రైతుకే అది అక్కరకొచ్చేది.

పన్ను రాయితీ మాత్రం కంపెనీల దగ్గరికి వెళ్లింది, అదీ డిప్రిసియేషన్ రూపంలో. సౌర, పవన పరికరాల ఖరీదు మొత్తాన్నీ మొదటి ఏడాదే ఖర్చు కింద రాసుకోవచ్చని 1980లలో వీలు కల్పించారు. 2002లో దాన్ని 80 శాతానికి, 2017 ఏప్రిల్ నుంచి 40 శాతానికి తగ్గించారు. 80 శాతం ఉన్న రోజుల లెక్క చూద్దాం. కోటి రూపాయల ప్లాంటును ఏడాది మొదట్లోనే నడిపిస్తే లాభంలోంచి 80 లక్షలు తీసేయొచ్చు. పన్ను 30 శాతం అనుకుంటే ఆ ఏడాది 24 లక్షలు చేతిలో మిగులుతాయి. నిజానికి ఇది మాఫీ కాదు, వాయిదా. అయినా వ్యాపారికి వాయిదా పడిన రూపాయి వచ్చిన రూపాయే. 1990లలో అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు లేవడంలో ఈ లెక్కకూ వాటా ఉంది. మర ఎన్ని యూనిట్లు ఇస్తుందన్నది కొందరికి రెండో ప్రశ్న అయింది. అందుకే 2009లో కేంద్రం పవన విద్యుత్తుకు యూనిట్ లెక్కన ప్రోత్సాహకం మొదలుపెట్టింది.

చాలాకాలం పట్టా అడగకుండా ఇంట్లోకి వచ్చింది పొదుపు ఒక్కటే. 2001లో ఇంధన పొదుపు చట్టం, 2002లో దాన్ని అమలు చేసే బీఈఈ, 2006లో ఫ్రిజ్‌ల మీద స్టార్ గుర్తులు వచ్చాయి. 2015లో ఎల్‌ఈడీ బల్బులను చవగ్గా ఇచ్చే ఉజాలా పథకం జాతీయ స్థాయికి చేరింది. కొనుగోళ్లన్నీ ఒక్కచోట చేర్చి టెండర్లు పిలవడంతో, 2014లో మూడు వందలు దాటిన ఎల్‌ఈడీ బల్బు టోకు ధర 2016కల్లా 40 రూపాయల లోపుకు దిగింది. సబ్సిడీ లేకుండానే ఇది జరిగింది. అద్దె గదిలో పెట్టిన బల్బును గది మారేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చు. డాబా మీది ప్యానెల్‌కు ఆ వీలు లేదు.

2012 నాటి పవర్ హాలిడేలను పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఇంకా మరిచిపోలేదు. వారానికి కొన్ని రోజులు పరిశ్రమలకు కరెంటు ఆగేది. డీజిల్ జనరేటర్ భరించగలిగినవాళ్లు నడిపారు, లేనివాళ్లు షిఫ్టులు తగ్గించారు. రాష్ట్రం విడిపోయాక 2015లో తెలంగాణ సోలార్ విధానం, 2016లో మిగులు సౌర కరెంటును బిల్లులో సర్దే నెట్ మీటరింగ్ నిబంధనలు వచ్చాయి. పరిశ్రమలను సోలార్ వైపు అసలు తోసింది మాత్రం టారిఫ్. 2022లో ఖరారైన ధరల ప్రకారం 11 కేవీ పరిశ్రమకు యూనిట్ 7.65 రూపాయలు, 50 యూనిట్లలోపు వాడే ఇంటికి 1.95 రూపాయలు. ఫ్యాక్టరీ షెడ్డు మీద పుట్టిన ప్రతి యూనిట్ ఖరీదైన యూనిట్‌ను తప్పిస్తుంది. చిన్న ఇంటి మీద పుట్టింది చవక యూనిట్‌నే తప్పిస్తుంది. సంగారెడ్డి జిల్లా ప్యానెళ్లు బిగించుకోవడమే కాదు, తయారు కూడా చేసింది. గుమ్మడిదల మండలం అన్నారంలో మాడ్యూళ్లు చేసిన ప్రీమియర్ ఎనర్జీస్ 2024లో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది.

ఇళ్ల వంతు ఆలస్యంగా వచ్చింది. 2015 చివర్లో 30 శాతం, 2019లో మూడు కిలోవాట్ల దాకా 40 శాతం సబ్సిడీ ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చింది. లక్ష్యం కోటి ఇళ్లు, కేటాయింపు 75,021 కోట్లు. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, గరిష్ఠంగా 78 వేలు ఇస్తారు. కానీ మూడు కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగుల నీడ పడని కప్పు కావాలి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్న సందర్భమూ ఉంది. సౌర పరికరాల మీద 5 శాతం ఉన్న జీఎస్టీని 2021లో 12 శాతం చేసి, 2025 సెప్టెంబరులో మళ్లీ 5కు తెచ్చారు.

సూర్యఘర్ వచ్చిన నెలలోనే తెలంగాణ గృహజ్యోతి మొదలుపెట్టింది. నెలకు 200 యూనిట్లలోపు వాడే అర్హులకు సున్నా బిల్లు, అద్దెదారుకూ వర్తిస్తుంది. కప్పు లేనివారిని లెక్కలోకి తీసుకున్న అరుదైన పథకం ఇది. అయితే సున్నా బిల్లు వచ్చే చిన్న ఇంటివాడు సోలార్ కోసం చేతి డబ్బు ఎందుకు పెడతాడు? పైగా వరస గదులన్నిటికీ ఒకే మీటరు ఉండి, సబ్ మీటరు చూసి యజమాని వసూలు చేసేచోట ఆ సున్నా గది దాకా చేరడం కష్టం.

మన ఆదాయపు పన్ను చట్టంలో ఇంటి సోలార్ కోసమే పెట్టిన మినహాయింపు లేదు. 2019 నుంచి 2023 మార్చి దాకా తీసుకున్న ఎలక్ట్రిక్ వాహన రుణాల వడ్డీకి మాత్రం ఏటా లక్షన్నర దాకా ఇచ్చారు. ఇంటి సోలార్‌కూ అలాంటి మినహాయింపు ఉండి ఉంటే సరిపోయేదా అంటే అమెరికా అనుభవం చూడాలి. అక్కడ 1985 చివర్లో ముగిసిన ఆ పన్ను తగ్గింపు (క్రెడిట్) 2006 నుంచి మళ్లీ అమలైంది. 2022 చట్టం దాన్ని 30 శాతంగా 2032 దాకా పొడిగించింది. 2025 జులైలో మరో చట్టం ఆ ఏడాది చివరికే ముగించింది. డాలస్‌లో ఇల్లు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు అది లాభసాటిగా ఉండేది, ఎందుకంటే వాళ్లకు కట్టాల్సిన పన్ను ఉంది. పన్నే లేనివారికి ఆ తగ్గింపులో పైసా వచ్చేది కాదు. పటాన్‌చెరు షెడ్డులో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి అలాంటి క్రెడిట్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే.

నాలుగు దశాబ్దాల రాయితీలలో ఒకటి లాభాన్ని అడిగింది, మరొకటి కప్పును అడిగింది. రెండూ లేనివారికి చేరినవి చవక బల్బు, సున్నా బిల్లు. ఇకపై రాయితీని కప్పుకు కాక మీటరుకు ముడిపెట్టాలి. ఒకచోట ప్లాంటు పెట్టి, దాని యూనిట్లను పలువురి బిల్లుల్లో తగ్గించే వర్చువల్ నెట్ మీటరింగ్‌కు ఢిల్లీ 2019లోనే నిబంధనలు రాసింది. పాశమైలారం షెడ్ల మీద మిగిలిన జాగాలో ప్లాంట్లు పెట్టి, ఇస్నాపూర్ గదులకు వాటా ఇవ్వడం ఇంజినీరింగ్ సమస్య కాదు. ముందు గదికో మీటరు ఇవ్వాలి, తర్వాత ఆ మీటరు పేరిట వాటా రాయాలి. ఈ రెండూ ప్రభుత్వమూ డిస్కమూ తలుచుకుంటే అయ్యే పనులే.