క్వార్టరు పెరట్లో నీడతోట: పుట్టుపూర్వోత్తరాలు

నీడతోట అడవిలో పుట్టింది. మందమర్రి పక్కనే ఉన్న రామకృష్ణాపూర్ ఒకప్పుడు ఆకురాల్చే అడవుల సీమ. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ ఇక్కడి చెట్లు. వాటి కింద తొలకరికి లేచి, ఎండలు ముదిరేసరికి కనబడకుండా పోయే చిన్న మొక్కల లోకం ఒకటి ఉంది. అడవి పసుపు, నేలతాడి, నేలవేము, అడవినాభి ఆ కోవలోవి. పెద్దగా పని పెట్టకుండా పెరట్లో చెట్టు కింద బతికే తోట కావాలంటే వీటిని మించినవి లేవు.

ఈ మొక్కల్లో చాలావాటికి తెలుగునాట పుస్తక చరిత్ర కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ, స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా వివరాలు రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద అతని గ్రంథం 1795లో వెలువడడం మొదలైంది. అతను వర్ణించిన వాటిలో చాగ ఒకటి. దాని నారతో వింటినారులు పేనేవారు. నేడు స్నేక్ ప్లాంట్ పేరుతో కుండీల్లో అమ్ముతున్నది దీని ఆఫ్రికా చుట్టం. చాగ మాత్రం మన నేలదే, నీడలోనూ బతుకుతుంది. మందపాటి ఆకుల్లో నీరు దాచుకుంటుంది కనుక నల్లా రాని రోజులు దానికి లెక్కలేదు.

బొగ్గు కథ ఆ తరవాతిది. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు పొందింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1920ల చివర బెల్లంపల్లి ప్రాంతానికీ, తరవాత మందమర్రి, రామకృష్ణాపూర్‌లకూ గనులు పాకాయి. బాయి (గని) వెంట కార్మికుల క్వార్టర్లు వచ్చాయి. అడవి పోయిన చోట వరుస ఇళ్లు లేచాయి. నీడ కోసం మళ్లీ చెట్టు పెట్టుకోవలసి వచ్చింది.

ఏ చెట్టు అన్న దగ్గరే దారి తప్పింది. 1950లో వనమహోత్సవం మొదలైంది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. అటవీ భూమి తీసుకుంటే బదులు చెట్లు పెంచడం గనులకు తప్పనిసరి బాధ్యతయింది. త్వరగా ఎదిగే పరదేశీ చెట్లు సుబాబుల్, నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ ఎక్కడ చూసినా కనిపించసాగాయి. గని తవ్వి పోసిన, పైమట్టి లేని ఓబీ కుప్పల మీద ఏదో ఒకటి నిలవాలి కనుక అక్కడ వాటిని తప్పుపట్టలేం. పెరడు ఓబీ కుప్ప కాదు కదా! 2015లో మొదలైన తెలంగాణ మొక్కల పెంపకం పథకం హరితహారం కాలంలో కోనోకార్పస్ కూడా వీధుల్లోకి వచ్చింది. పుప్పొడితో ఎలర్జీలు వస్తాయనీ, వేళ్లు పైపుల్లోకి చొరబడతాయనీ విమర్శలు వచ్చాక దాన్ని నాటడం మానుకున్నారు.

క్వార్టరు పెరటికి దేశవాళీ జవాబు కానుగ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి వెంటనే చిగురిస్తుంది. రామగుండం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటే మే నెలకు నీడ దట్టంగా సిద్ధంగా ఉంటుంది. చిక్కుడు కుటుంబపు చెట్టు కనుక వేరు బుడిపెల్లో నత్రజనిని నిలుపుతుంది. రైతులు కానుగ రొట్టను వరిమళ్లలో తొక్కించేది ఇందుకే. ఆకుల మీద వేళ్లలా నిక్కే చిన్న బుడిపెలు చూసి తెగులని భయపడేవారున్నారు. అవి ఒక రకం నల్లి చేసే పని, చెట్టుకు పెద్ద ముప్పు లేదు. వేపా మంచిదే, కానీ 2021లో తెలంగాణ అంతటా వేపలు కొమ్మలెండి మాడిపోయాయి. వీధి పొడుగునా ఒకే జాతిని నాటకూడదని అప్పుడు తెలిసివచ్చింది.

చెట్టు కిందికి వస్తే, రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే వదిలేయాలి. సగం చాకిరీ దాంతోనే తప్పుతుంది. అడవి పసుపు దుంప జూన్‌లో మొలిచి, వానల్లో పెద్ద ఆకులు విప్పి, చలికాలానికి ఎండిపోతుంది. జనవరి నుంచి మే దాకా భూమిలో నిద్రపోయే దుంపకు నీళ్లెందుకు? నేలవేము వానాకాలంలో ఎదిగి గింజ రాల్చుకుంటుంది, మరుసటి తొలకరికి దానంతటదే మొలుస్తుంది. పిల్లితేగల తీగ వేళ్లలో నీరు దాచుకుంటుంది. తిప్పతీగ వేప మీదికి పాకుతుంది, మొదలు తెగినా పైనుంచి సన్నటి వేళ్లు నేలకు దించి బతుకుతుంది. అడవినాభి పూలు ఎర్రటి మంటల్లా అందంగా ఉంటాయి, దుంప మాత్రం ప్రాణం తీసే విషం. పిల్లలున్న ఇళ్లలో వద్దు.

దేశవాళీవని నమ్మి పెంచుతున్న వాటిలో పరదేశీలు తక్కువేమీ లేవు. రణపాల, బిళ్లగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చాయి. మనీప్లాంట్ స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలోని ఒక దీవి. ఉన్నవాటిని పీకేయనక్కర్లేదు, కొత్తగా పెట్టేటప్పుడు చూసుకుంటే చాలు.

మొక్కల కోసం కవ్వాల్ అడవిలో తవ్వకూడదు. అది 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి పులుల రక్షిత ప్రాంతం. దుంపలు, గింజలు తెలిసినవారి పెరళ్ల నుంచి గానీ, అటవీశాఖ నర్సరీల నుంచి గానీ తెచ్చుకుని తొలకరి పడగానే నాటుకోవాలి.