కోవిడ్ కేర్ సెంటర్

కోవిడ్-19 సోకినా లక్షణాలు స్వల్పంగా ఉన్నవారిని, అనుమానితులను ఆసుపత్రి బయట ఉంచి చూసుకునేందుకు భారతదేశంలో ఏర్పాటుచేసిన తాత్కాలిక కేంద్రం. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ 7న ప్రకటించిన మూడంచెల వ్యవస్థలో ఇది మొదటి మెట్టు. పై రెండూ ఆసుపత్రులే. హాస్టళ్లు, హోటళ్లు, బడులు, స్టేడియాలు ఇందుకు వాడారు. ఢిల్లీలోని ఛత్తర్‌పూర్‌లో రాధాస్వామి సత్సంగ్ ప్రాంగణాన్ని సుమారు 10,000 పడకల కేంద్రంగా మలిచారు. అక్కడ అట్టతో చేసిన మంచాలూ వేశారు. తిరుపతిలో టీటీడీ యాత్రికుల వసతి సముదాయాలు కొన్ని ఇలాగే మారాయి.

కేంద్రంలో చికిత్స అంటూ పెద్దగా ఉండేది కాదు. జ్వరానికి మాత్ర, వేళకు భోజనం, పల్స్ ఆక్సీమీటర్‌తో పరీక్ష, అంతే. అసలు పని కనిపెట్టి ఉండడం. కొందరిలో ఆయాసం తెలియకముందే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే ప్రతి కేంద్రాన్నీ పై అంచెల ఆసుపత్రులకు అనుసంధానించి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్సును రాత్రింబవళ్లు సిద్ధంగా ఉంచాలన్నది అప్పటి నిబంధన. ఈ అనుసంధానం లేని కేంద్రం పడకల గదే తప్ప వైద్య ఏర్పాటు కాదు. అనుమానితులనూ నిర్ధారణ అయినవారినీ ఒకేచోట కలపకూడదన్న షరతూ ఉండేది.

2020 ఏప్రిల్ 27న అతి స్వల్ప లక్షణాలున్నవారికి హోమ్ ఐసొలేషన్‌ను అనుమతించారు. ఇంట్లో విడిగా గది, చూసుకునే మనిషి ఉండాలన్నది షరతు. ఒంటిగది ఇళ్లవారికి మాత్రం ఈ కేంద్రాలే దిక్కయ్యాయి.