బేస్‌బాల్ మేనేజర్లు, జనరల్ మేనేజర్ల ఉద్యోగ భద్రత

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. ప్రతి జట్టులోనూ ఓటమికి జవాబు చెప్పుకోవాల్సిన పదవులు రెండు. మైదానంలో ఆట నడిపే ఫీల్డ్ మేనేజర్‌ది ఒకటి, ఆటగాళ్లను ఎంచి తెచ్చే జనరల్ మేనేజర్‌ది మరొకటి. వీళ్లను యజమాని ఎంతకాలం నమ్ముతాడు, ఎప్పుడు సాగనంపుతాడు అన్నది గెలుపోటముల పట్టిక చూసి చెప్పగలిగేది కాదు. 2017లో వాషింగ్టన్ నేషనల్స్‌ను 97 మ్యాచ్‌లు గెలిపించిన డస్టీ బేకర్‌కు ఆ ఏడాది చివర్లోనే పదవి పోయింది. మినెసోటా ట్విన్స్ మేనేజర్ టామ్ కెల్లీ మాత్రం 1993 నుంచి 2000 దాకా వరుసగా ఎనిమిది సీజన్లు గెలుపులకన్నా ఓటములే ఎక్కువైనా కుర్చీ దిగలేదు. కెల్లీ వెనుక 1987, 1991 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ విజేతను తేల్చే తుది పోరు) టైటిళ్లున్నాయి. పైగా ఆటగాళ్ల జీతాలకు తాము పెట్టే ఖర్చు ఎంత తక్కువో యాజమాన్యానికీ తెలుసు. యజమాని తాను ఇచ్చిందెంత, అడుగుతున్నదెంత అని లెక్క చూసుకున్నచోట ఓపిక ఉంటుంది.

అందరికన్నా ఎక్కువకాలం మేనేజర్‌గా నిలిచినవాడి పేరు కానీ మాక్. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను 1901 నుంచి 1950 వరకు 50 సీజన్లు నడిపాడు. మేనేజర్‌గా అతని మొత్తం కెరీర్‌లో 3,731 విజయాలు, 3,948 ఓటములు. రెండూ ఇప్పటికీ రికార్డులే. అయితే ఆ జట్టులో మాక్‌కు వాటా ఉంది. తనను తాను తీసేసుకునే మేనేజర్ ఉండడు కదా, కాబట్టి మాక్ ఉదంతాన్ని ఉద్యోగ భద్రతకు కొలమానంగా తీసుకోకూడదు.

ఎవరి పని ఏమిటి

క్రికెట్‌లో కెప్టెన్ చేసే పనులు చాలావరకు ఇక్కడ మేనేజర్‌వి. ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్‌కు వెళ్లాలి, అలసిన పిచర్‌ను (బంతి విసిరేవాణ్ని) ఎప్పుడు దించాలి, అతని స్థానంలో ఎవర్ని పంపాలి అన్నవన్నీ డగౌట్‌లో ఉండి అతనే తేలుస్తాడు. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. ప్రతి రాత్రీ అతని నిర్ణయాలు లక్షల మంది కళ్ల ముందే జరుగుతాయి, తప్పు పట్టడానికి ఎవరికీ పెద్ద చదువు అక్కర్లేదు. 2003 అక్టోబర్ 16న అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో బోస్టన్ రెడ్‌సాక్స్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5–2తో ముందుంది. పెడ్రో మార్టినెజ్ అలసిపోయాడని చూస్తున్నవాళ్లందరికీ అర్థమైంది. మేనేజర్ గ్రేడీ లిటిల్ మైదానంలోకి నడిచి వెళ్లి, పిచర్‌తో రెండు మాటలు మాట్లాడి, అతణ్ని అక్కడే ఉంచి వెనక్కి వచ్చాడు. ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ స్కోరు సమం చేసింది, పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిచింది. ఆ సీజన్‌లో 95 విజయాలు తెచ్చిన లిటిల్‌కు మళ్లీ ఒప్పందం దక్కలేదు. జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్‌కు ఏమీ కాలేదు. అతను తెచ్చిన కొత్త మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా మరుసటి ఏడాదే, 86 ఏళ్ల తర్వాత బోస్టన్‌కు వరల్డ్ సిరీస్ అందించాడు.

జనరల్ మేనేజర్ పని ఇలా కంటికి కనపడదు. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను తీసుకునే డ్రాఫ్ట్‌లో కుర్రాళ్లను ఎంచుకోవడం, మైనర్ లీగ్ జట్లలో వాళ్లను తయారు చేయించడం, ఇతర జట్లతో ఆటగాళ్లను మార్చుకోవడం, ఒప్పందాలు కుదర్చడం అతని బాధ్యతలు. ఈ రోజు ఎంచుకున్న కుర్రాడు మేజర్ లీగ్‌కు రావడానికి చాలాసార్లు నాలుగైదేళ్లు పడుతుంది. అందుకే జనరల్ మేనేజర్‌కు గడువు ఎక్కువ దొరుకుతుంది. ఆ గడువూ సరిపోని సందర్భాలున్నాయి. బ్రాంచ్ రికీ 1950 సీజన్ ముగిశాక పిట్స్‌బర్గ్ పైరేట్స్ పగ్గాలు పట్టాడు. 1952లో జట్టు 42 గెలిచి 112 ఓడింది. 1952 నుంచి 1955 దాకా నాలుగేళ్లూ అట్టడుగు స్థానమే. రికీ తప్పుకున్నాడు. కానీ రాబర్టో క్లెమెంటే, బిల్ మజెరోస్కీ, డిక్ గ్రోట్ లాంటి వాళ్లు అతని హయాంలో వచ్చినవాళ్లే. 1960లో వాళ్లే యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు. అప్పటికి జనరల్ మేనేజర్ జో బ్రౌన్. అదే సిరీస్‌లో అవతలి డగౌట్‌లో ఉన్న కేసీ స్టెంజెల్ పన్నెండేళ్లలో పది లీగ్ టైటిళ్లు, ఏడు వరల్డ్ సిరీస్‌లు తెచ్చిన మేనేజర్. ఏడో మ్యాచ్ ఓడిన కొద్ది రోజులకే, 70 ఏళ్ల వయసులో, అతణ్ని పంపేశారు.

1964 సంవత్సరం

యజమానుల తొందరపాటు గురించి తెలుసుకోవాలంటే 1964 సీజన్ ఒక్కటి చదివినా చాలు.

సెయింట్ లూయిస్ కార్డినల్స్ యజమాని గస్సీ బుష్ జట్టు వెనకబడిందని విసిగిపోయి ఆగస్టులో జనరల్ మేనేజర్ బింగ్ డివైన్‌ను తొలగించాడు. అప్పటికి రెండు నెలల ముందే డివైన్ చికాగో కబ్స్ నుంచి లూ బ్రాక్‌ను తెచ్చి ఉన్నాడు. బేస్‌బాల్ చరిత్రలో ఇంత లాభించిన మార్పిడులు అరుదు. మేనేజర్ జానీ కీన్ స్థానంలో లియో డ్యూరోషర్‌ను తీసుకోవడానికి బుష్ మంతనాలు జరుపుతున్న సంగతీ బయటికి పొక్కింది.

ఈలోగా ఫిలడెల్ఫియా ఫిలీస్ ఇంకా 12 మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఆరున్నర మ్యాచ్‌ల ఆధిక్యంలో ఉండి, వరుసగా పది ఓడింది. కార్డినల్స్ ముందుకు దూసుకొచ్చింది. అక్టోబర్ 15న ఏడో మ్యాచ్‌లో యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ చేజిక్కించుకుంది. మర్నాడు కీన్‌కు కొత్త ఒప్పందం ప్రకటిద్దామని బుష్ విలేకరుల సమావేశం పిలిచాడు. కీన్ అతని చేతికి రాజీనామా లేఖ ఇచ్చాడు. దాని మీద తేదీ సెప్టెంబర్ 28. టైటిల్ ఇంకా చేతికి రాకముందే రాసి పెట్టుకున్న లేఖ అది.

అదే రోజు న్యూయార్క్‌లో యాంకీస్ తమ మేనేజర్ యోగీ బెర్రాను తీసేసింది. మేనేజర్‌గా అది అతని మొదటి ఏడాది. జట్టును వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్ దాకా తెచ్చాడు. అతని స్థానంలోకి వచ్చింది జానీ కీన్. డివైన్‌ను అప్పటికే ఇంటికి పంపారు, అయినా ఆ ఏడాది ఉత్తమ ఎగ్జిక్యూటివ్ పురస్కారం అతనికే దక్కింది.

కీన్‌కు యాంకీస్‌లో కలిసి రాలేదు. 1966లో మొదటి 20 మ్యాచ్‌లలో 16 ఓడాక అతణ్ని తొలగించారు. చేతికందిన టైటిల్‌ను జారవిడిచిన ఫిలీస్ మేనేజర్ జీన్ మాక్‌ను మాత్రం ఆ జట్టు 1968 జూన్ దాకా ఉంచుకుంది. గెలిచిన జట్టులో ఇద్దరు పోయారు, వరల్డ్ సిరీస్‌లో ఓడిన జట్టులో ఒకరు పోయారు, కుప్పకూలిన జట్టులో ఎవరూ పోలేదు.

సీజన్ మధ్యలో వేటు

ఆటగాళ్ల ఒప్పందాలు సాధారణంగా పూర్తి హామీతో ఉంటాయి. ఆడినా ఆడకపోయినా డబ్బు చెల్లించాలి. జట్టులోని 26 మందిని మార్చడం కుదరదు, మేనేజర్‌ను మార్చడం ఒక్క మధ్యాహ్నం పని. అభిమానుల కోపం చల్లార్చడానికి యజమానికి అందుబాటులో ఉండే బలిపశువు అతనే.

1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడగానే కాల్ రిప్కెన్ సీనియర్‌ను తొలగించింది. 1950ల నుంచీ ఆ సంస్థలోనే పనిచేస్తున్న మనిషి అతను. ఇద్దరు కొడుకులు, కాల్ జూనియర్, బిల్లీ, అదే జట్టులో ఆడుతున్నారు. బిల్లీ తన జెర్సీ మీద పాత అంకె తీసేసి తండ్రి వేసుకున్న 7 వేసుకున్నాడు. కొత్త మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్ కింద జట్టు మరో 15 మ్యాచ్‌లు వరుసగా ఓడింది. మొత్తం 21. తొలి గెలుపు ఏప్రిల్ 29న వచ్చింది. ఆ తర్వాత సొంత ఊరికి తిరిగొచ్చిన జట్టును చూడటానికి 50 వేలకు పైగా జనం వచ్చారు. ఆ ప్రేక్షకులు చూపిన సహనంలో కాస్తయినా యాజమాన్యం చూపి ఉంటే రిప్కెన్‌కు కనీసం ఒక నెల దొరికేది. రాబిన్సన్ ఆ సీజన్‌లో 101 ఓటములు మూటగట్టుకున్నా అతణ్ని కదిలించలేదు. 1989లో జట్టు 87 గెలిచింది, అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ పురస్కారం అతనికి వచ్చింది.

మధ్యలో మార్పు ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. 2003లో ఫ్లోరిడా మార్లిన్స్ 16 గెలిచి 22 ఓడిన (16–22) దశలో జెఫ్ టోర్బోర్గ్‌ను తప్పించి 72 ఏళ్ల జాక్ మకియన్‌ను తెచ్చి వరల్డ్ సిరీస్ గెలిచింది. 2022లో ఫిలీస్ 22–29 దగ్గర జో జిరార్డీని తీసేసి, రాబ్ థామ్సన్ చేతుల మీదుగా వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. ఈ రెండింటినీ యజమానులు పదే పదే గుర్తు చేసుకుంటారు. అయితే ఆ రెండు జట్లలోనూ సత్తా ఉన్న ఆటగాళ్లు ముందే ఉన్నారు. సత్తా లేనిచోట ఎవరొచ్చినా ఒకటే: 2025లో కొలరాడో రాకీస్ 7–33 దగ్గర బడ్ బ్లాక్‌ను తొలగించింది, చివరికి 119 ఓటములతో సీజన్ ముగించింది.

ఓపిక పట్టిన జట్లు

బేకర్‌ను వదులుకున్న నేషనల్స్ జట్టే ఓపికకు గొప్ప ఉదాహరణ కావడం విశేషం. 2019 మే 23 నాటికి డేవీ మార్టినెజ్ కింద ఆ జట్టు 19 గెలిచి 31 ఓడింది. అంతకుముందు శీతాకాలంలోనే బ్రైస్ హార్పర్ జట్టు వదిలి వెళ్లాడు. మార్టినెజ్‌ను ఇవాళో రేపో పంపేస్తారని అందరూ అనుకున్నారు. జనరల్ మేనేజర్ మైక్ రిజ్జో పిచింగ్ కోచ్‌ను మార్చాడు కానీ మేనేజర్ జోలికి వెళ్లలేదు. మిగిలిన 112 మ్యాచ్‌లలో జట్టు 74 గెలిచింది. 106 విజయాల డాడ్జర్స్‌ను, కార్డినల్స్‌ను, చివరికి హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ అందుకుంది. ఆ తర్వాత ఏ సీజన్‌లోనూ గెలుపులు ఓటములను మించలేదు. 2022లో 107 ఓటములు. 2025 జులైలో 37–53 దగ్గర రిజ్జో, మార్టినెజ్ ఇద్దరినీ ఒకే రోజు తొలగించారు. డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక ఆ జట్టుదే, దానికి వారం రోజులే ఉంది. అయిదేళ్లకు పైగా ఎదురుచూసిన యాజమాన్యాన్ని తొందరపడిందనలేం. కానీ వేటుకు ఆ వారమే దొరకడం నిర్లక్ష్యమే.

ఆస్ట్రోస్‌ది ముందే చెప్పి ఓడిన పద్ధతి. 2011 డిసెంబర్‌లో వచ్చిన జనరల్ మేనేజర్ జెఫ్ లునావ్ పాత ఆటగాళ్లను ఇతర జట్లకు ఇచ్చి కుర్రాళ్లను పోగుచేశాడు. 2012లో 107, 2013లో 111 ఓటములు. అతని పదవి చెక్కుచెదరలేదు, మేనేజర్ బో పోర్టర్‌కు 2014లోనే ఉద్వాసన. 2017లో టైటిల్ వచ్చింది. ప్రత్యర్థుల సంకేతాలను కెమెరాతో దొంగిలించిన వ్యవహారం రుజువయ్యాక 2020 జనవరిలో లునావ్, మేనేజర్ ఏజే హించ్ ఒకే రోజు పదవులు కోల్పోయారు.

ఒప్పందాలు

తొలగించిన మేనేజర్‌కు ఒప్పందం ముగిసేదాకా జీతం సాధారణంగా అందుతూనే ఉంటుంది. అందుకే చేతిలో ఇంకా కొన్నేళ్లున్న మేనేజర్‌ను తీయడానికి పొదుపరి యజమాని వెనకాడతాడు. ఒక్క ఏడాదే మిగిలినవాడి మాట డగౌట్‌లో చెల్లదన్న భయంతో జట్లు ముందుగానే గడువు పొడిగిస్తుంటాయి. ఈ భయానికి వాల్టర్ ఆల్స్టన్ జీవితమే సమాధానం. డాడ్జర్స్‌ను అతను 1954 నుంచి 1976 దాకా నడిపింది ఒక్కో ఏడాది ఒప్పందాల మీదే, గెలిచినవి నాలుగు వరల్డ్ సిరీస్‌లు. ఒప్పందమున్నా దిక్కులేని ఉదంతం డేవిడ్ రాస్‌ది. 2023 నవంబర్‌లో కబ్స్ అతణ్ని తప్పించి, అయిదేళ్లకు 4 కోట్ల డాలర్లతో క్రెయిగ్ కౌన్సెల్‌ను తెచ్చుకుంది.

జనరల్ మేనేజర్ నెత్తిన ఇప్పుడు చాలా జట్లు బేస్‌బాల్ ఆపరేషన్స్ ప్రెసిడెంట్ అనే మరో పదవిని పెట్టాయి. మేజర్ లీగ్‌లో తొలి మహిళా జనరల్ మేనేజర్ కిమ్ ఎంగ్ 2023లో మయామీ మార్లిన్స్‌ను ప్లేఆఫ్స్‌కు చేర్చింది. తన పైన అలాంటి మరొకరిని నియమించాలని యజమాని తలపెట్టడంతో జట్టును వదిలేసింది.

వేటు పడినవాళ్లకు తలుపులు మూసుకుపోవు. మూడు జట్లు తీసేశాకే జో టోరీ యాంకీస్‌కు వచ్చి నాలుగు టైటిళ్లు గెలిచాడు. బాబీ కాక్స్‌ను అట్లాంటా బ్రేవ్స్ 1981లో తొలగించి, 1985లో జనరల్ మేనేజర్‌గా మళ్లీ పిలిచింది. 1990లో అతను తిరిగి డగౌట్‌లోకి దిగాడు. 1991 నుంచి 2005 దాకా, సమ్మెతో ఆగిపోయిన 1994 మినహా, ప్రతి ఏడాదీ డివిజన్ టైటిల్ బ్రేవ్స్‌దే. ఆ పద్నాలుగింటిలో వరల్డ్ సిరీస్ దక్కింది 1995లో ఒక్కసారే. అయినా 2010లో తనంతట తాను రిటైరయ్యేదాకా కాక్స్‌ను ఎవరూ కదపలేదు.